రాయగడ, బరంపురం వైపు కొత్త పీసీ కట్టించుకునేవాళ్లకి: ఏ పార్టు ఎవరికి సరిపోతుంది

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో వాళ్లు, గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, పగలంతా పని చేసుకుని రాత్రి గేమ్ పెట్టుకునేవాళ్లు, అందరూ మొదట అడిగేది ఒకటే, ప్రాసెసర్ ఇంటెలా ఏఎండీయా, గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియాదా ఏఎండీ వాళ్ల రేడియానా అని. నా లెక్కలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అవుతుంది. మన రాయగడ, జయపురం, బరంపురం, పర్లాకిమిడి లాంటి ఊళ్లలో మొదటి ప్రశ్న కరెంటు, రెండోది ఆ పార్టు పాడైతే ఎక్కడికి పట్టుకెళ్లాలి అన్నది. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని వీడియోలు చేసేవాళ్లు ఈ రెండూ పట్టించుకోరు, వాళ్లకి అవసరం కూడా లేదు, కానీ వాళ్ల లిస్టు యథాతథంగా ఇక్కడ కొనేసి తర్వాత ఇబ్బంది పడేది మనం.

అందుకే ఇక్కడ వరస తిప్పి రాస్తున్నా. ముందు కరెంటు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాతే ప్రాసెసర్.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

వాట్లు ఎంత తింటుంది అన్నది మొదటిది. కరెంటు బిల్లు గురించి కాదు నేను చెప్పేది, వాట్లు తక్కువైతే చిన్న యూపీఎస్ చాలు, చిన్న కూలర్ చాలు, మే నెలలో ఏసీ లేని గదిలో కూడా నడుస్తుంది. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపల చిప్పు వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది కదా, 25 డిగ్రీల గదిలో తీసిన రివ్యూ లెక్కలు మన 38, 40 డిగ్రీల గదికి పనికిరావు.

రెండోది వారంటీ దూరం. మనకి ఒకపక్క భువనేశ్వర్, ఇంకోపక్క విశాఖ. బరంపురం వాళ్లు మెయిన్ లైన్ మీదున్నారు కాబట్టి ఎటైనా రైలెక్కి పోవచ్చు, రాయగడ వాళ్లకి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖే సులువు. కొనే ముందు ఆ బ్రాండు వెబ్‌సైట్‌లో సర్వీస్ సెంటర్ల లిస్టు తీసి ఈ రెండు ఊళ్లలో ఏదైనా ఒకదాంట్లో ఉందో లేదో చూడండి, లేకపోతే కొరియర్‌లో పంపితే తీసుకుంటారా లేదా అని ఫోన్ చేసి కనుక్కోండి. రెండు మదర్‌బోర్డులు దాదాపు ఒకే రేటులో ఉంటే సర్వీస్ దగ్గరున్నదే తీసుకోవాలి, ఫీచర్ ఒకటి తగ్గినా పర్లేదు.

మూడోది మీ గాలి. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఉప్పుగాలి, తేమ. రాయగడ, కోరాపుట్ వైపు ఎర్రమట్టి దుమ్ము. దీన్ని బట్టి కేబినెట్ మారుతుంది.

నాలుగోది అసలు పని, అయిదోది మూడేళ్ల తర్వాత ఒక్క పార్టు మార్చి ముందుకి పోగలమా లేక మొత్తం మార్చాలా అన్నది. ఈ రెండిటి గురించి కింద ఒక్కో పార్టు దగ్గర చెప్తాను.

## ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఎర్తింగ్

కేబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీ పార్టులకి అందించే డబ్బా) ఉంటుంది కదా, దాన్ని మాత్రం వద్దే వద్దు అనండి. షాపువాడు ఎంత బాగుంటుందని చెప్పినా సరే. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పీసీకి అది పనికిరాదు, అది పోయేటప్పుడు ఒక్కటే పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని రాసుంటుంది, అది కరెంటు ఎంత వృథా చేయకుండా వాడుకుంటుందో చెప్పే ముద్ర అంతే, నాణ్యతకి పూర్తి హామీ కాదు. బాక్సు మీద ముందు ఇన్‌పుట్ చూడండి, 100 నుంచి 240 వోల్టులని ఉంటే మన సాయంత్రం పూట లో వోల్టేజీకి అది తట్టుకుంటుంది, దానికి ముందు వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు. 200 నుంచి 240 అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి, మన పల్లెల్లో మోటార్లు ఆన్ అయ్యే టైముకి వోల్టేజీ 180కి దిగిపోవడం కొత్తేం కాదు. వారంటీ అయిదేళ్లు పైన ఇచ్చే మోడల్ తీసుకోండి, కంపెనీకి దాని మీద నమ్మకం ఉంటేనే అన్నేళ్లు ఇస్తుంది.

ఎన్ని వాట్లు? ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 స్థాయి గ్రాఫిక్స్ కార్డుకి 550, 5060 టీఐకి 600 నుంచి 650, 5070కి 650, 5070 టీఐకి 750. అంతకుమించి 1000 వాట్లు కొనిపిస్తే ఆ డబ్బు దండగ.

ఇప్పుడు యూపీఎస్. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు, ఎందుకంటే బాక్సు మీద వీఏ అని రాస్తారు, మనం దాన్ని వాట్లు అనుకుంటాం. 600 వీఏ యూపీఎస్ సుమారుగా 360 వాట్లే ఇస్తుంది, 1100 వీఏ అయితే 660 వాట్లు. లెక్క వేద్దాం, 5060 టీఐ కార్డు 180 వాట్లు, 65 వాట్ క్లాసు ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ గట్టిగా పని చేస్తే 88 వాట్ల దాకా, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఒక 60, మానిటర్ 30. మొత్తం 360 దాటకపోయినా ఆ అంచు మీదే ఉంది. రెండర్ పెట్టినప్పుడు కరెంటు పోయిందంటే 600 వీఏ ది ఓవర్‌లోడ్ అయి కుయ్‌మని ఆగిపోతుంది. కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీకి 1000, 1100 వీఏ అన్నది కనీసం. లోపల మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉండే మోడల్ చూడండి, రెండు మూడేళ్లకి అది డౌన్ అయితే మన ఊళ్లోనే కొత్తది వేయించుకోవచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అని, కరెంటుని సమంగా లాగే సర్క్యూట్ ఉంటుంది, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్లుగా ఉండే వేవ్ కొన్ని అలాంటి ఎస్‌ఎంపీఎస్‌లకి పడదు, కరెంటు పోయిన క్షణంలో పీసీ ఆగిపోతుంది, యూపీఎస్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ అయితే ఈ గొడవ లేదు కానీ రేటు ఎక్కువ. ఇంట్లో ఇప్పటికే సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని వెనకాల ఒక స్విచ్ చూడండి, చాలావాటికి యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని రెండు ఉంటాయి, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే బ్యాటరీకి మారే టైము తగ్గుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లకి ఉండే ఏటీఎక్స్ ప్రమాణం కొత్త లెక్క ప్రకారం 80 శాతం లోడు మీద సుమారు 17 మిల్లీసెకన్లు, నిండు లోడు మీద 12 మిల్లీసెకన్లు అది ఊపిరి బిగపట్టుకుని ఉండగలదు, ఆలోపు ఇన్వర్టర్ అందుకుంటే చాలు. ఇన్వర్టర్ కెపాసిటీ సరిపోతుందో లేదో ఫ్యాన్లు, లైట్లు కలిపి లెక్కేసుకున్నాకే ఈ దారి పట్టండి.

ఎర్తింగ్ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. కేబినెట్ ముట్టుకుంటే వేలికి చిమచిమ అంటే పీసీ పాడైందని కాదు, మీ ఇంటి ఎర్త్ సరిగ్గా లేదని. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ ద్వారా కొద్దిపాటి కరెంటు బాడీ మీదకి వస్తుంది, అది పోవడానికి ఎర్త్ దారి ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత అని చూపించమనండి. మొదటిది ఫేజ్, న్యూట్రల్ మధ్య ఉన్నంతే ఉండాలి, రెండోది ఒకటి రెండు వోల్టులకి మించకుండా ఉంటే మంచిది. కొండ నేల, రాళ్ల నేల ఉన్నచోట ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. సర్జ్ ప్రొటెక్టర్ కొన్నవాళ్లకి ఇంకా ముఖ్యం, దాని లోపలున్న భాగం అదనపు వోల్టేజీని సరిగ్గా దించాలంటే ఎర్త్ ఉండాలి, ఎర్త్ లేకపోతే ఆ ప్రొటెక్టర్ ఇంచుమించు మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు కింద లెక్క.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కాలబైశాఖి ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. దాంతోపాటు నెట్ కేబుల్ కూడా తీసేయాలి, ఆ ల్యాన్ వైరు మేడ మీద నుంచి వేలాడుతూ వస్తే పిడుగుకి అది కూడా ఒక దారే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది, అలాంటి తుఫాన్ల తర్వాత లైన్లు బాగుచేసి కరెంటు ఇస్తున్న మొదటి రోజుల్లో వోల్టేజీ నిలకడగా ఉండకపోవచ్చు, ఫ్యాను, లైట్లు ఒక పూట చక్కగా నడిచాకే పీసీ పెట్టండి.

## గ్రాఫిక్స్ కార్డు: మొదట మెమరీ, తర్వాత స్పీడు

ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది కాబట్టి ఎక్కువ ఆలోచన ఇక్కడే పెట్టాలి. మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు నుంచి సగానికి కాస్త తక్కువ దాకా కార్డుకి పెట్టడం గేమింగ్‌కి న్యాయం, కోడింగ్, డ్రాయింగ్ పని అయితే పావు వంతు చాలు.

| కార్డు | మెమరీ | వాట్లు | ఎవరికి |
|---|---|---|---|
| ఇంటెల్ ఆర్క్ బీ580 | 12 జీబీ | 190 | తక్కువ డబ్బుతో ఎడిటింగ్, గేమ్స్ |
| ఆర్‌టీఎక్స్ 5060 | 8 జీబీ | 145 | 1080పీలో గేమ్స్ మాత్రమే |
| ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ | 16 జీబీ | 160 | గేమ్స్ ముఖ్యం అనుకునేవాళ్లు |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 16 జీబీ | 180 | పని, ఆట రెండూ |
| ఆర్‌టీఎక్స్ 5070 | 12 జీబీ | 250 | 1440పీ గేమ్స్ |
| ఆర్‌టీఎక్స్ 5070 టీఐ | 16 జీబీ | 300 | పెద్ద స్టూడియో, భారీ త్రీడీ |

5060 టీఐ, 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా వస్తాయి, పేరు ఒకటే, అందుకని బిల్లు మీద జీబీ రాయించుకోండి. ఇవాళ్టి కొత్త గేమ్స్ కొన్నిట్లో 1080పీలోనే టెక్స్చర్లు ఫుల్ పెడితే 8 జీబీ చాలదు, ఫ్రేములు ఆగి ఆగి వస్తాయి. ఎడిటింగ్‌లో అయితే ఇంకా సూటిగా తెలుస్తుంది, డావించీ రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేయగానే జీపీయూ మెమరీ ఫుల్ అని మెసేజ్ వచ్చి పని ఆగిపోతుంది, స్పీడు ఎంతున్నా లాభం లేదు. నన్ను అడిగితే 8 జీబీ కార్డు ఇవాళ కొత్తగా కొనాల్సింది వాలరెంట్, సీఎస్2 లాంటి తేలికపాటి గేమ్స్ తప్ప వేరే ఆడనివాళ్లు మాత్రమే.

ఎన్విడియానా ఏఎండీయా అంటే, గేమ్స్ ఒక్కటే అయితే పెట్టిన రూపాయికి 9060 ఎక్స్‌టీ 16 జీబీ బాగా వస్తుంది, వాట్లు కూడా తక్కువ. కానీ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేసేవాళ్లు, పైటార్చ్‌తో ఏఐ మోడల్ ట్రైన్ చేసే విద్యార్థులు ఎన్విడియాకే పోండి. ఏఎండీలో కూడా చేయొచ్చు, దారి ఉంది, కానీ కాలేజీలో సార్ ఇచ్చిన నోట్‌బుక్, గిట్‌హబ్‌లో దొరికే ప్రాజెక్టు, అన్నీ ఎన్విడియా వాళ్ల క్యూడా సాఫ్ట్‌వేర్ ఉందనుకుని రాసినవే, పరీక్షల ముందు రాత్రి ఇన్‌స్టాల్ గొడవలతో కూర్చోవడం ఎందుకు చెప్పండి. ఇంట్లోనే చాట్ మోడల్ నడపాలనుకుంటే 7, 8 బిలియన్ల పారామీటర్ల మోడల్ 4 బిట్‌కి కుదిస్తే 5 జీబీ పైచిలుకు పడుతుంది, 14 బిలియన్లది 9, 10 జీబీ దాకా, అంటే 16 జీబీ కార్డు ఉంటే రెండోది హాయిగా పడుతుంది.

పెళ్లి వీడియో వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. కొత్త సోనీ కెమెరాలు రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 ఫార్మాట్‌లో తీస్తాయి, ఆ ఫుటేజీని పాత కార్డులు హార్డ్‌వేర్‌లో విప్పలేవు, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కూడా విప్పలేదు, అంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో ఆ సౌకర్యం వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో హెచ్.265 వరకు 11వ తరం నుంచే ఉంది, ఆర్క్ కార్డుల్లోనూ ఉంది. కాబట్టి కెమెరా 4:2:2 అయితే పాత 40 సిరీస్ కార్డు కాస్త తక్కువకి వస్తోందని ఆశపడకండి. పెళ్లికూతురిది తెలుగిల్లు పెళ్లికొడుకుది ఒడియా ఇల్లు అయితే టైటిళ్లు రెండు లిపుల్లో వేసి, హైలైట్స్ రెండు వెర్షన్లు తీయాల్సి వస్తుంది, మన దగ్గర ఇది మామూలే, ఎక్స్‌పోర్ట్ టైము రెండింతలు అవుతుంది కనుక ఈ తేడా మీ చేతికి తెలుస్తుంది.

ఆర్క్ బీ580 కొనేవాళ్లు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కి కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసే సెట్టింగ్) అన్నది బయోస్‌లో, అంటే బోర్డు లోపలి సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో, ఆన్ అవుతుందో లేదో చూసుకోవాలి, పాత బోర్డు మీద అది లేకపోతే కార్డు స్పీడు బాగా పడిపోతుంది. కొత్తగా మొత్తం కట్టేవాళ్లకి ఈ భయం లేదు. 5070 నుంచి పైకి కొనేవాళ్లు ఆ సన్నటి 16 పిన్నుల కనెక్టర్‌ని పూర్తిగా లోపలికి పోయేదాకా నొక్కాలి, కొద్దిగా బయటికి ఉంటే వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది.

## ప్రాసెసర్

| ప్రాసెసర్ | కోర్లు, థ్రెడ్లు | వాట్లు | బాక్సులో కూలర్ | సాకెట్ భవిష్యత్తు |
|---|---|---|---|---|
| కోర్ ఐ5 12400ఎఫ్ | 6, 12 | 65, గరిష్ఠం 117 | ఉంది | ముగిసింది |
| రైజెన్ 5 7600 | 6, 12 | 65 | ఉంది | ఉంది |
| రైజెన్ 7 7700 | 8, 16 | 65 | ఉంది | ఉంది |
| రైజెన్ 9 7900 | 12, 24 | 65 | ఉంది | ఉంది |
| రైజెన్ 7 7800ఎక్స్3డీ | 8, 16 | 120 | లేదు | ఉంది |
| కోర్ అల్ట్రా 7 265కే | 20, 20 | 125, గరిష్ఠం 250 | లేదు | సందేహమే |

మన పరిస్థితికి నాకు బాగా నచ్చేది ఆ 65 వాట్ల వరస, 7600, 7700, 7900. కూలర్ బాక్సులోనే వస్తుంది, బోర్డు మీద ఇవి కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ పైన కూడా నడిపిస్తామని ఏఎండీ చెప్పింది, అంటే ఇవాళ 7600 పెట్టుకుని తర్వాత అదే బోర్డు మీద 12 కోర్లదో 16 కోర్లదో వేసుకోవచ్చు. లోపల చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు వారంటీకి విశాఖ పోయి నెల రోజులు రాకపోయినా పీసీ నడుస్తూనే ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సర్వీస్ సెంటర్ దూరంగా ఉన్న మనకి చాలా పెద్దది. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, అందుకే 12400ఎఫ్ కంటే కొన్ని వందలో వేలో ఎక్కువైనా 12400 మేలంటాను.

7800ఎక్స్3డీ గేమ్స్‌కి అద్భుతం, 96 ఎంబీ కాష్ (చిప్పు లోపలి వేగమైన మెమరీ) వల్ల ఫ్రేములు నిలకడగా వస్తాయి. కానీ ఆ తేడా కనపడాలంటే కార్డు 5070 టీఐ లాంటిది ఉండాలి, 5060 పక్కన పెట్టి దాన్ని కొనడం అనవసరం, ఆ డబ్బు కార్డులో పెట్టండి.

ఎడిటింగే ఎక్కువ, కెమెరా హెచ్.265 4:2:2 తీస్తుంది, పైగా చాలా ఎఫెక్టులు పెడతారు అంటే 265కే మంచి యంత్రం, 20 కోర్లు, లోపలి గ్రాఫిక్స్ కూడా ఉంది. దానికి మంచి కూలర్, మంచి బోర్డు, పెద్ద యూపీఎస్ అన్నీ కలిపి లెక్కేసుకోండి మరి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పుల్లో వోల్టేజీ సమస్య వచ్చి క్రాష్ అవడం, 2024లో ఇంటెల్ దానికి బయోస్ ద్వారా మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇవ్వడం, బాక్సు చిప్పులకి వారంటీ ఇంకో రెండేళ్లు పెంచడం అందరికీ తెలిసిందే. కొత్తది కొంటే బయోస్ వెంటనే అప్‌డేట్ చేసుకోండి, సెకండ్ హ్యాండ్‌లో 13900కే, 14900కే మాత్రం ముట్టుకోవద్దు, ముందు వాడినవాళ్లు ఏ బయోస్ మీద ఎన్నాళ్లు నడిపారో మీకు తెలిసే దారి లేదు.

ఆటోక్యాడ్‌లో టూడీ ప్లాన్లు గీసేవాళ్లకి కోర్లు ఎన్నున్నా పెద్ద తేడా ఉండదు, ఒక్క కోరు ఎంత వేగం అన్నదే లెక్క, 7600 చాలు, మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ కొనుక్కోండి. షాపులో ట్రే ప్రాసెసర్ అని, అంటే బాక్సు లేకుండా విడిగా, తక్కువకి ఇస్తామంటే వద్దనండి, దానికి కంపెనీ వారంటీ ఉండదు, షాపువాడి మాటే వారంటీ.

## బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

బోర్డు మీద ఎక్కువ ఖర్చు చేయక్కర్లేదు. ఏఎండీకి బీ650 లేదా బీ850, ఎస్‌ఎస్‌డీలకి రెండు ఎం.2 స్లాట్లు, వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. ఆ బటన్ ఎందుకంటే పాత స్టాకు బీ650 మీద 9000 సిరీస్ రైజెన్ పెడితే బయోస్ అప్‌డేట్ చేయకుండా ఆన్ కాదు, బటన్ ఉంటే పెన్ డ్రైవ్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ620 బోర్డు 7600కి సరిపోతుంది కానీ రేపు పెద్ద ప్రాసెసర్ వేద్దామంటే చాలావాటికి బలం చాలదు.

ర్యామ్ ధరలు 2025 చివర నుంచి విపరీతంగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా పోతోంది, మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో చెప్పింది. దీనివల్ల పాత సలహా మారింది. ఇదివరకు కళ్లు మూసుకుని 32 జీబీ అనేవాళ్లం, ఇప్పుడు గేమ్స్, చదువు అయితే 16 జీబీ ఒక్క స్టిక్కు కాకుండా 8, 8 గా రెండు వేసుకుని నెట్టుకురావచ్చు. ఎడిటింగ్ వాళ్లకి మాత్రం 32 తగ్గితే నడవదు, అక్కడ ప్రాసెసర్ ఒక మెట్టు దించైనా ర్యామ్ ఉంచుకోండి. ఏఎం5కి డీడీఆర్5 ర్యామ్ 6000 స్పీడు, సీఎల్30 (ర్యామ్ ఆలస్యాన్ని చెప్పే అంకె) సరిగ్గా సరిపోతుంది. నాలుగు స్టిక్కులు పెడితే డీడీఆర్5 స్పీడు పడిపోతుంది, అందుకే ఎంతైనా రెండు స్టిక్కుల్లోనే రావాలి. పెట్టాక బయోస్‌లో ఎక్స్‌పో అనే ర్యామ్ స్పీడు సెట్టింగ్ ఆన్ చేయకపోతే డబ్బు పెట్టి కొన్న స్పీడు రాదు.

ఇంట్లో పాత పీసీలో మంచి డీడీఆర్4 ర్యామ్ ఉందా? అయితే ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600 వేసుకోవడం ఇప్పుడు మళ్లీ అర్థం ఉన్న దారి అయింది. ముందుకి పోయే దారి లేదు, కానీ ర్యామ్ ఖర్చు మొత్తం మిగులుతుంది.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ, పీసీఐఈ 4.0, టీఎల్‌సీ రకం. అయిదో తరం (పీసీఐఈ 5.0) వాటి జోలికి పోవద్దు, వేడి తప్ప మన పనుల్లో తేడా తెలియదు. స్టూడియో వాళ్లు ఫుటేజీకి వేరే రెండో ఎస్‌ఎస్‌డీ, పాత పెళ్లిళ్లు దాచడానికి పెద్ద హార్డ్ డిస్క్ పెట్టుకోండి, హార్డ్ డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకమా అని అడగండి, ఎస్‌ఎంఆర్ రకంలో వందల జీబీలు ఒకేసారి రాస్తే మధ్యలో నత్తనడక పడుతుంది. కస్టమర్ ఆల్బమ్ తీసుకెళ్లేదాకా ఆ ఫుటేజీ రెండు వేర్వేరు డిస్కుల మీద ఉండి తీరాలి.

## కేబినెట్

ముందు జాలీ, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికొచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు, ఫిల్టర్ మీదే ఆగుతుంది. ముందంతా అద్దం ఉన్న కేబినెట్లు చూడ్డానికి బాగుంటాయి, మన ఎండలకి మాత్రం వద్దు. సముద్రం దగ్గరున్నవాళ్లు కిటికీ పక్కన పెట్టకండి, వానాకాలంలో వాడినా వాడకపోయినా రోజూ కాసేపు ఆన్ చేసి ఉంచితే ఆ వేడికి లోపల తేమ చేరదు.

## సెకండ్ హ్యాండ్ దారి

14 కోర్ల పాత జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్), చైనా ఎక్స్99 బోర్డు కలిపి చాలా తక్కువకి వస్తున్నాయి, కోర్లు చూసి పిల్లలు మోజుపడతారు. 2016 నాటి ఆ చిప్పుల్లో ఒక్కో కోరు వేగం చాలా తక్కువ, 120 వాట్లు తింటుంది, బోర్డుకి వారంటీ లేదు, విండోస్ 11కి అధికారికంగా సపోర్టు లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆరు, ఏడో తరం ఐ5 పెట్టిన పాత ఆఫీసు పీసీలదీ ఇదే కథ. లినక్స్ వేసుకుని కోడింగ్ నేర్చుకునే విద్యార్థికి మాత్రం ఆ ఆఫీసు పీసీ మంచి బేరమే, అది ఒప్పుకోవాలి. కార్డుల్లో వాడిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ చదువుకి, బ్లెండర్‌కి ఇప్పటికీ పనికొస్తుంది, ఎదురుగా అరగంట లోడు పెట్టి చూశాకే డబ్బివ్వండి.

## ఎవరికి ఏ జత

ఆల్బమ్, వీడియో స్టూడియోకి: 7900 లేదా 265కే, 5060 టీఐ 16 జీబీ, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు, ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (రంగులు ఎన్ని చూపిస్తుందో చెప్పే కొలత) ఉన్న ఐపీఎస్ మానిటర్. మానిటర్‌లో కక్కుర్తి పడితే పట్టుచీర రంగు తెర మీద ఒకటి, ప్రింటులో ఇంకొకటి వస్తుంది, ఆ తిట్లు స్టూడియో వాళ్లకే.

ఇంజనీరింగ్ విద్యార్థికి: 7600, 5060 టీఐ 16 జీబీ, ర్యామ్ 16తో మొదలు. డబ్బు చాలకపోతే కార్డు లేకుండా కట్టించుకుని కొన్నాళ్లకి కార్డు వేయండి, లోపలి గ్రాఫిక్స్‌తో కోడింగ్ నడుస్తుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం మొదటే 650 వాట్లది తీసుకోండి. హాస్టల్లో ఉంటూ సెలవులకి ఊరు పోయేవాళ్లయితే అసలు డెస్క్‌టాప్ వద్దు, ల్యాప్‌టాప్ కొనుక్కోండి.

గేమ్స్ ముఖ్యం అనుకునేవాళ్లకి: 7600, 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్. 60 హెర్ట్జ్ మానిటర్ ఉంచుకుని పెద్ద కార్డు కొంటే ఆ ఫ్రేములు మీకు కనపడవు.

## ఎక్కడ కొనాలి, బిల్లు ఎలా రాయించుకోవాలి

ఆన్‌లైన్‌లో రేటు తక్కువ, విశాఖ, భువనేశ్వర్ షాపుల్లో బోర్డు పోతే వెనక్కి తీసుకెళ్లి ఎదురుగా మాట్లాడొచ్చు. నా సలహా కలిపి కొనడం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకే షాపులో తీసుకుని అక్కడే ఆన్ చేయించి చూడండి, ఈ మూడిట్లో ఏది పోయినా పీసీ ఒకేలా మొండికేస్తుంది, వేర్వేరు చోట్ల కొంటే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఎస్‌ఎస్‌డీ, కేబినెట్, మానిటర్ ఎక్కడ తక్కువైతే అక్కడ.

జీఎస్టీ వచ్చిన 2017 నుంచి బోర్డర్ దాటి తెచ్చుకున్నా ఎంట్రీ టాక్స్ లేదు, మామూలుగా ఇంటికి కొనుక్కునేవాళ్లకి ఏ రాష్ట్రంలో కొన్నా పన్ను 18 శాతమే. కానీ ఒడిశాలో జీఎస్టీ నంబరు ఉన్న స్టూడియో వాళ్లు జాగ్రత్త, విశాఖ షాపులో ఆంధ్రా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి బిల్లు ఇస్తే ఆ పన్ను మీకు క్రెడిట్ రాదు. మీ నంబరు ఇచ్చి ఐజీఎస్టీ బిల్లు వేయమని డబ్బు కట్టే ముందే అడగండి, 18 శాతం అంటే చిన్న మొత్తం కాదు. బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలి, మొత్తం కలిపి ‘కంప్యూటర్ ఒకటి’ అని రాస్తే వారంటీ దగ్గర ఇబ్బంది.

ఆన్‌లైన్ పార్సిల్ విప్పేటప్పుడు కోయకముందు నుంచి ఆగకుండా వీడియో తీయండి. కట్టించాక మార్చుకునే గడువు అయ్యేలోపు ఒక రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి, కార్డు మీద గంటసేపు లోడు పెట్టండి, ఆ లోడు నడుస్తుండగానే మెయిన్ స్విచ్ ఆపి యూపీఎస్ అందుకుంటుందో లేదో చూడండి, అందుకోకపోతే యూపీఎస్‌ని మార్చుకోడానికి షాపువాడు ఒప్పుకునేది ఆ మొదటి వారంలోనే.